అతినీలలోహిత కాంతి ముద్రణకు ఏ ఫిల్మ్ నెగటివ్ తగినది?

చీకటిగది: పాత కొడాక్ టీ-మ్యాక్స్ 100 షీట్ ఫిల్మ్ నెగటివ్‌లతో సయనోటైప్‌లు (అతినీలలోహిత కాంతితో వేసే నీలిరంగు ప్రింట్లు) వేస్తున్నాను. ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ఫిల్మ్ నెగటివ్‌కు 10 నిమిషాలు సరిపోతుండగా, వీటికి అరగంట ఇచ్చినా నీడలు లేత నీలం దాటడం లేదు. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ ముద్రణకు ఏ ఫిల్మ్ ఎంచుకోవాలి?

వెండిరేణువు: టీ-మ్యాక్స్ 100 పాత తయారీలో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పొర ఉండేది, అది కంటికి తెలియదు. ఎఫ్‌పీ4 తీసుకొని పైరో డెవలపర్‌లో (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే ఒక రసాయనంలో) కడగండి. వెండితో పాటు అది వదిలే పసుపు మరక కూడా ఆ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి, చూపుకు పలుచగా తోచిన నెగటివ్ సైతం ప్లాటినం ముద్రణ (ప్లాటినం లవణాలతో ఇదే కాంతిలో వేసే ప్రింటు) కోరే 1.8 దరిదాపు సాంద్రతా వ్యత్యాసాన్ని, అంటే నెగటివ్‌లో అతి ముదురు, అతి పలుచని చోట్ల మధ్య తేడాను, అందుకుంటుంది.

నీలిముద్ర: ఇల్‌ఫోర్డ్ వారి హెచ్‌పీ5 ఫిల్మ్ పనికిరాదా?

వెండిరేణువు: సయనోటైప్‌కు పనికొస్తుంది. ప్లాటినంకు కావలసినంత కాంట్రాస్ట్ రావాలంటే మాత్రం ఎంతసేపు కడిగినా దానితో కష్టమే.

పాతపెట్టె: పైరోను ఇంత తేలికగా సిఫార్సు చేయకండి. ఒక శిక్షణ తరగతిలో గురువుగారు నా పైరో నెగటివ్‌ను డెన్సిటోమీటర్‌లో (సాంద్రతను కొలిచే పరికరంలో) చూసి పలుచగా ఉందన్నారు. ఆ మాట నమ్మి మిగిలిన 12 షీట్లనూ ఎక్కువసేపు కడిగాను. ప్రింట్లలో ఆకాశం ఉండవలసిన చోట ఒట్టి కాగితమే మిగిలింది.

వెండిరేణువు: మామూలు వెలుగులో కొలిస్తే మరక పూర్తిగా లెక్కలోకి రాదు. నెగటివ్ పక్కనే 21 మెట్ల స్టౌఫర్ వెడ్జ్ (మెట్టుమెట్టుకూ సాంద్రత పెరిగే కొలత పట్టీ) పెట్టి ముద్రించి ఉంటే, ఒక్కో మెట్టు 0.15 చొప్పున అసలు వ్యత్యాసం ఎంతో ఆ కాగితమే చెప్పేది.

పాతపెట్టె: మీరు నాకు కొలవడం నేర్పుతున్నారే గాని, ప్రశ్న అడిగినవారి చేతిలో ఉన్నవి ఎప్పుడో తీసేసిన నెగటివ్‌లన్న సంగతి పట్టించుకోవడం లేదు. మా అమ్మ చివరి రోజుల్లో తీసిన షీట్లు నా దగ్గరా ఆ ఫిల్మ్ మీదే ఉన్నాయి. ఫిల్మ్ మార్చమంటే ఆమెను ఎక్కడినుంచి తెచ్చి కూర్చోబెట్టను?

వెండిరేణువు: మన్నించండి, నేను అంతదూరం ఆలోచించలేదు. అయితే వాటిని స్కాన్ చేసి, పారదర్శక ఫిల్మ్ మీద ఇంక్‌జెట్ నెగటివ్ తీసుకోవచ్చు. నా దృష్టిలో నెగటివ్ అంటే ప్రింటు కోసం చేసుకునే అచ్చు.

పాతపెట్టె: మనకు పొసగనిది ఇక్కడే. ఆమె మీద పడిన వెలుగును అందుకున్న షీటే కాగితానికి ఆనాలి. అందుకు గంటసేపు ఎండలో ఉంచవలసి వచ్చినా సరే.

చీకటిగది: మీ ఇద్దరి మాటలూ చదివాక, రెండు ఫిల్ముల ఖాళీ అంచులను ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి 10 నిమిషాలు వెలుగు చూపించాను. నీళ్లలో కడిగాక ఎఫ్‌పీ4 అంచు కింద ముదురు నీలం వచ్చింది, టీ-మ్యాక్స్ అంచు కింద సిరాలో నీళ్లు పోసినట్టున్న లేత రంగు వచ్చింది. రేపు నా షీట్లను కూడా గంటసేపు ఉంచి చూస్తాను.