రెగాలియా: రాజచిహ్నాలా, రాజహక్కులా?

ప్రశ్న:
జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 1158లో రొంకాలియా సభలో ఆయన ఉత్తర ఇటలీ నగరాలను ‘రెగాలియా’ అప్పగించమన్నాడని ఉంది. నిఘంటువు చూస్తే ‘రాజచిహ్నాలు’ అంటోంది. కిరీటం, రాజదండం మిలాన్ వాళ్ల దగ్గర ఎందుకుంటాయి? అలాగే ఆ వ్యాసంలో వచ్చే హెన్రీ ది లయన్ అనే జర్మన్ ప్రభువును ‘సామంతరాజు’ అనొచ్చా? సాయం చేయండి.

జవాబు:
ఇక్కడ రాజచిహ్నాలు అని మాత్రం రాయకండి. రాస్తే ఆ గొడవంతా దేనికో పాఠకుడికి అర్థం కాదు. లాటిన్‌లో రెగాలియా అంటే రాజుకు చెందినవి. రొంకాలియా జాబితాలో ఏమున్నాయంటే బాటలు, పడవలు తిరిగే నదులు, రేవులు, సుంకాలు, టంకసాలలు, జరిమానాలు, వెండి గనులు, ఉప్పు మడుల మీదా చేపల వేట మీదా రాబడి, న్యాయాధికారుల నియామకం. ఇవన్నీ చక్రవర్తివేనని బొలోన్యా న్యాయ పండితులు నలుగురు రోమన్ చట్టాన్ని బట్టి తేల్చారు. అప్పటికే వాటిలో చాలావాటిని నగరాలు అనుభవిస్తున్నాయి, కాన్సుల్స్ అనే పెద్దల్ని తామే ఎన్నుకుంటున్నాయి. అంటే ఆయన చెయ్యి పెట్టింది వాళ్ల ఖజానా మీద, వాళ్ల పాలన మీద.

ఎదురు తిరిగిన మిలాన్‌ను 1162లో లొంగదీసి పడగొట్టించాడు. ఆ పనిలో క్రెమోనా, లోడి వాళ్లు పాత పగతో ఉత్సాహంగా చెయ్యి కలిపారు. ఆ తర్వాత చక్రవర్తి అధికారుల వసూళ్లు ఎంత విసిగించాయంటే, 1167లో క్రెమోనా అదే మిలాన్‌తో కలిసి, చక్రవర్తికి ఎదురుగా నగరాలు కట్టిన లొంబార్డ్ కూటమిలో నిలబడింది. లోడి కూడా, బలవంతం మీదే అయినా, అందులో చేరింది. ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించేది ఈ ఘట్టమే. 1176లో లెన్యానో దగ్గర ఆ కూటమి చేతిలో ఓడాక, 1183 కాన్‌స్టెన్స్ ఒప్పందంలో ఫ్రెడరిక్ రెగాలియాను చాలావరకు నగరాలకే వదిలేశాడు. ‘రాజహక్కులు’ అని వేసి, మొదటిసారి వచ్చినచోట సుంకాలు, టంకసాలలు అని వివరించండి.

మరో జవాబు:
హెన్రీ ది లయన్‌ను ‘సామంతరాజు’ అనకండి. ఆ మాట వింటే ఓడిపోయి కప్పం కట్టేవాడు గుర్తొస్తాడు. ఈయన సాక్సనీ, బవేరియా రెండింటికీ డ్యూక్, చక్రవర్తికి స్వయానా మేనమామ కొడుకు. అందుకే 1176లో ఇటలీ యుద్ధానికి సైన్యం పంపనని ధైర్యంగా చెప్పగలిగాడు. 1180లో ఆయన పదవులు ఊడబెరికినా, వాటిని ఫ్రెడరిక్ తన దగ్గర ఉంచుకోలేక వేరే ప్రభువులకు పంచాల్సి వచ్చింది. బవేరియా విటెల్స్‌బాఖ్ వంశపు ఓటోకు దక్కింది. ‘డ్యూక్’ అనే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. నగరాలను ఏలే అధికారిగా వచ్చే ‘పొడెస్టా’ను ‘చక్రవర్తి ప్రతినిధి’ అనొచ్చా?

జవాబు:
ఫ్రెడరిక్ నగరాల మీద కూర్చోబెట్టినవాళ్ల వరకు సరిపోతుంది. తర్వాతి కాలంలో నగరాలే బయటి ఊరి నుంచి జీతానికి పొడెస్టాను తెచ్చుకున్నాయి. ‘నగరపాలకుడు’ అంటే రెండుచోట్లా నప్పుతుంది.