నెయిల్ ఆర్ట్ నేర్చుకుంటున్నా, ముందు ఏ సామాను కొనాలి?

ప్రశ్న (భీమవరం): కోర్సు మొదలై మూడు వారాలైందండి. గోళ్లకు వేసే జెల్ నాలుగు రోజులకే అంచుల్లో లేచిపోతోంది. జెల్‌ని గట్టిపరిచే ల్యాంప్ మార్చాలా? జెల్ అరగదీసే డ్రిల్ మెషిన్ ఇప్పుడే కొననా?

జవాబు 1: ల్యాంప్‌ని తర్వాత అనుమానిద్దురుగాని, ముందు గోరు చూడండి. గోరు మొదలు దగ్గర అతుక్కున్న పల్చటి చర్మం పూర్తిగా తీశారా? 180 గ్రిట్ (గరుకు) ఉన్న, గోరు రుద్దే బఫర్‌తో మెరుపు మాత్రమే పోవాలి, గోరు అరగకూడదు. తర్వాత గోటి తేమ, జిడ్డు తీసే డీహైడ్రేటర్, ఆపైన జెల్ పట్టేలా చేసే యాసిడ్ లేని ప్రైమర్ పల్చగా. మన గోదావరి ఉక్కలో వేళ్లు ఇట్టే చెమర్చుతాయి. ప్రైమర్ వేశాక గోరు ముట్టుకున్నారా, పని మళ్లీ మొదటికే. జెల్ చర్మానికి తగిలినా అక్కడి నుంచే లేస్తుంది. గోరు కొస అంచుకి కూడా పూయండి.

జవాబు 2: ఆయ్, ప్రెప్పే (ముందు గోరు సిద్ధం చేయడమే) అసలు సంగతి. ల్యాంప్‌కి వాట్లు చూసి మోసపోకండి. జెల్ కంపెనీ చెప్పిన ల్యాంపే వాడితే మంచిది. 365, 405 నానోమీటర్ల కాంతి రెండూ ఉన్నవి ఎక్కువ జెల్‌లకు పనికొస్తాయి. పైకి గట్టిపడి లోపల పచ్చిగా ఉన్న జెల్ చర్మానికి తగులుతుంటే అలర్జీ రావచ్చు, వస్తే జీవితాంతం ఉంటుంది. హీమా (జెల్‌లో ఉండే, అలర్జీ తెచ్చే ఒక రసాయనం) లేని బేస్ కోటు అయినా సరే, చర్మానికి తగలనివ్వకండి.

జవాబు 3: డ్రిల్ ఆగండమ్మా. చేత్తో అరగదీసే ఫైల్ మీద పట్టు వచ్చాకే. పొడితో కలిపి గోళ్లు కట్టే యాక్రిలిక్ లిక్విడ్ కొంటే సీసా మీద ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) అని ఉండాలి, ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) అనే రసాయనం వద్దే వద్దు.