అంబులెన్స్ పైలట్‌కూ ఈఎంటీకీ జీతంలో తేడా ఎందుకు?

ఉదయగిరి స్టీరింగ్:
నెల్లూరు, ప్రకాశం జిల్లాల అంబులెన్స్ సిబ్బంది ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి సూటిగానే అడుగుతున్నాను. 2020 జూలై 1న విజయవాడలో కొత్త 108, 104 వాహనాలకు జెండా ఊపిన రోజున జీతాల పెంపు ప్రకటించారు. అంతవరకు పది వేలున్న పైలట్‌కు, అంటే బండి నడిపేవాడికి, సర్వీసును బట్టి 18 నుంచి 28 వేలు, పన్నెండు వేలున్న ఈఎంటీకి, అంటే వెనుక రోగిని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌కు, 20 నుంచి 30 వేలు అన్నారు. పెంపును కాదనను. కానీ పాత జీతాల్లోని రెండు వేల తేడాను కొత్త జీతాల్లోకి భద్రంగా మోసుకొచ్చారు. ఆ రెండు వేలు దేనికి?

ఒకే బండి, ఒకే పన్నెండు గంటలు, ఒకే కేసు. సీతారామపురం వైపు నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి రోగిని తేవాలంటే వంద కిలోమీటర్లు దాటుతుంది. రాత్రిపూట రోడ్డు మీద గేదెలు పడుకుని ఉంటాయి. ఏదైనా జరిగితే ఎఫ్ఐఆర్‌లో పేరు నాది, ఈఎంటీది కాదు. బండి పోని సందులో స్ట్రెచర్ రెండో కొస పట్టేదీ నేనే. కేసు దించాక వెనుక తలుపులు తెరిచి, నెత్తురు పడ్డ చోట బ్లీచింగ్ నీళ్లు పోసి, స్ట్రెచర్ చక్రాల్లో ఇరుక్కున్న దూదిని పుల్లతో లాగి కడిగేదీ నేనే.

జీతం సమానం చేయాలి. పదేళ్లు దాటిన పైలట్లకు శిక్షణ ఇచ్చి ఈఎంటీగా తీసుకోవాలి. స్టీరింగ్ పట్టినవాడు స్టీరింగ్ దగ్గరే రిటైరు కావాలా? సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. మీ అభిప్రాయం రాయండి.

పెన్నాగట్టు:
న్యాయమైన మాట. నా మద్దతు.

బీఎస్సీ కావలి:
"కడిగేదీ నేనే" దగ్గర ఆగిపోయాను. స్టీరింగ్ అన్నా, మీ బండి సంగతి నాకు తెలియదు. నేను పనిచేసిన ప్రతిచోటా బండి లోపల శుభ్రం చేసింది ఈఎంటీయే. సక్షన్ సీసా కడగడం, వాడిన సూదులు తెల్ల డబ్బాలో వేయడం, నెత్తురంటిన దూదిని పసుపు సంచిలో కట్టడం ఎవరి పని? గొట్టంతో నేల మీద నీళ్లు కొట్టేసి కడిగానంటే ఎలా?

ఇక రెండు వేల సంగతి. బేసిక్ వాహనంలో వెనుక ఈఎంటీ ఒక్కడే ఉంటాడు. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద ముప్పై నొక్కులు, తర్వాత నోటి మీద పెట్టి గాలి కొట్టే బ్యాగుతో రెండుసార్లు గాలి. కదిలే బండిలో రెండూ ఒక్కడే చేయలేడు. అందుకని రోగి తమ్ముడి చేతికో కొడుకు చేతికో బ్యాగు ఇస్తాం. నేను తల ఊపినప్పుడు మెల్లగా నొక్కమని చెబుతాం. అతను ఏడుస్తూ రెండు చేతులతో పిండేస్తాడు, గాలి పొట్టలోకి పోయి ఉబ్బుతుంది. ఒక చేత్తో అతని మణికట్టు పట్టుకుని ఆపుతూ, భుజంతో ఫోను నొక్కిపట్టి కంట్రోల్ రూమ్ డాక్టరుకు రోగి స్థితి చెబుతాం. ఇదంతా జరుగుతున్నప్పుడు ముందు సీటులో ఉన్నవారికి వినిపించేది సైరన్ ఒక్కటే. దారిలో ప్రాణం పోతే కేసు షీటు మీద సంతకం నాది. ఆ రెండు వేలు దానికి.

ఉదయగిరి స్టీరింగ్:
సూదుల డబ్బా సంగతి నేను ఎత్తనే లేదు. నేల కడగడం గురించి రాశాను. బిట్రగుంట దగ్గర లారీ ప్రమాదం కేసు దించిన తర్వాత మా ఈఎంటీ షీటు రాసుకోవాలని ఆసుపత్రి లోపలికి వెళ్లి టీ తాగి వచ్చాడు. నేను బయట కుళాయి కోసం వెతుక్కుంటున్నాను. ఆసుపత్రి కాపలాదారు ఇక్కడ కడగొద్దన్నాడు, బయట రోడ్డు మీద కడిగితే దుకాణం వాళ్లు తిట్టారు. పెట్రోలు బంకు వాడు దయ తలచి నీళ్లిచ్చాడు. ఏ షీటు మీదా దీనికి గడి లేదు.

బీఎస్సీ కావలి:
ఒక ఈఎంటీ టీ తాగాడని ఈఎంటీలందరికీ జీతం తగ్గించాలా?

ఉదయగిరి స్టీరింగ్:
తగ్గించమని ఎక్కడ అన్నాను? మాది పెంచమన్నాను. చదివి జవాబు రాయండి.

గూడూరు చిన్నోడు:
ఇద్దరూ కలిసి కడగండయ్యా, జీతం తర్వాత చూద్దాం.

ఒంగోలు రాధ:
మావారు అంబులెన్స్ డ్రైవరు. రెండు వేలు కావాలంటున్నారు కదా, ఒక సంగతి ఆలోచించారా? ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల వైద్య బీమాకు, జీతం పరిమితి 21 వేలు. 2017 నుంచీ అదే అంకె. మావారి జీతం ఆ గీత దాటింది. నడుస్తున్న ఆరు నెలల గడువు వరకు ఈఎస్ఐ ఉంచారు, తర్వాత తీసేశారు. మా అత్తగారికి నెలనెలా వచ్చే షుగరు మందులు ఆగిపోయాయి. పెరిగిన జీతం మందుల దుకాణానికే పోతోంది. అర్జీలో దీన్ని కూడా రాయండి.

పాత లేబర్ ఆఫీసు:
నేను కార్మిక శాఖలో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి చర్చల్లో రెండు విషయాలు కలగలిపేస్తుంటారు. ఒకటి పర్మినెంటు చేయమనడం, రెండోది సమాన జీతం అడగడం. మొదటిదానికి 2006 నాటి ఉమాదేవి కేసు తీర్పు అడ్డం వస్తుంది. నియామక పద్ధతి పాటించకుండా తాత్కాలికంగా చేరినవారు ఏళ్ల తరబడి పనిచేశామన్న కారణంతోనే పర్మినెంటు హక్కు అడగలేరని సుప్రీంకోర్టు చెప్పింది. రెండోదానికి 2016 నాటి జగ్‌జీత్ సింగ్ తీర్పు ఆసరా. అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ ఉద్యోగి స్కేలు కనీస వేతనం ఇవ్వాలన్నారు. అయితే ఆ కేసులోనివారిని పెట్టుకున్నది ప్రభుత్వమే. మీకూ ప్రభుత్వానికీ నడుమ బండ్లు నడిపే కాంట్రాక్టు ఏజెన్సీ ఉంది. అసలు యజమాని ఎవరో తేలకుండా ఆ తీర్పు పట్టుకుని వెళ్తే వాయిదాల మీద వాయిదాలే.

పైగా పైలట్ ఆరోగ్య శాఖ డ్రైవరుతో పోల్చుకోవాలి గానీ ఈఎంటీతో కాదు. వేర్వేరు పనులకు సమాన పనికి సమాన వేతనం సూత్రం వర్తించదు.

ఉదయగిరి స్టీరింగ్:
గుమస్తాగారూ, చట్టం మాట సరే. నేను అడిగేది న్యాయం.

సింగరాయకొండ హైవే:
మీ రెండు వేల పంచాయితీ చూస్తుంటే నవ్వొస్తోంది. నేను ప్రైవేటు అంబులెన్స్ నడుపుతాను. నాకు నెల జీతం లేదు, ట్రిప్పుకింత. ట్రిప్పు లేకపోతే ఆసుపత్రి ఎదుట చెట్టు కింద పడుకోవడమే. నియామక పత్రం ఎప్పుడూ చూడలేదు. పీఎఫ్, ఈఎస్ఐ మాటే లేదు. వెనుక ఈఎంటీ కూడా ఉండడు, ఆక్సిజన్ కీ తిప్పడం నేనే నేర్చుకున్నాను. దారిలో సిలిండర్ అయిపోతే బండి పక్కకు ఆపి, వెనక్కి వెళ్లి మార్చి, మళ్లీ వచ్చి నడపాలి. చెన్నై తీసుకెళ్తే ఖాళీగా తిరిగి రావద్దని ఓనరు ఒత్తిడి. మీ ఇద్దరికీ కనీసం పోట్లాడుకోవడానికి ఒక జీతం పట్టిక ఉంది.

గూడూరు చిన్నోడు:
అన్నా, పై మాటకు వంద దండాలు.

బీఎస్సీ కావలి:
హైవే గారి బాధ నిజమే, అది వేరే చర్చ. స్టీరింగ్ అన్న రెండో కోరికకు జవాబు రాలేదు. పైలట్లను ఈఎంటీలుగా తీసుకోవడానికి నేను ఒప్పుకోను. పాము కరిచిన కేసులో కట్టు ఎంత బిగించాలో, కాన్పు కేసులో బొడ్డుతాడు మెడకు చుట్టుకుంటే ఏం చేయాలో పదేళ్లు ముందు సీటులో కూర్చుంటే రాదు.

ఉదయగిరి స్టీరింగ్:
బీఎస్సీలో మీకు చెప్పారా? నాతో పనిచేసిన ఈఎంటీల్లో చాలామంది వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో చదివినవారు. ఏజెన్సీ ఇచ్చిన కొద్ది వారాల శిక్షణతో ఈఎంటీ అయ్యారు. అదే శిక్షణ నాకిస్తే నాకెందుకు రాదు? ఘాటు రోడ్డులో కాన్పు అయితే బండి ఆపి టార్చి పట్టి, బిడ్డను తువ్వాలులో అందుకున్నది ఎవరు? కొత్తగా చేరిన ఈఎంటీ చేతులు వణుకుతుంటే బొడ్డుకు క్లిప్పు ఎక్కడ పెట్టాలో చూపించింది ఎవరు? డిగ్రీ కాగితం ఉన్నంత మాత్రాన పెద్దకులం అయిపోతారా?

బీఎస్సీ కావలి:
కులం మాట తెచ్చింది మీరు. టార్చి పట్టిన ప్రతివాడూ డాక్టరయితే ఊళ్లో కరెంటు మిస్త్రీలంతా డాక్టర్లే. మీ చేతికి సూది ఇస్తే మీవాళ్లనైనా ఆ బండి ఎక్కిస్తారా?

నిర్వాహకులు:
కులం మాట, ఇళ్లలోవారి ప్రస్తావన ఇక వద్దు. ఈ రెండింటి తర్వాత వచ్చిన మరో వ్యాఖ్యను తొలగించాం. మళ్లీ జరిగితే చర్చ మూసేస్తాం.

ఒంగోలు రాధ:
ఈఎస్ఐ గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు. నేల ఎవరు కడిగారు అన్నదానికి మాత్రం మీకు తీరిక ఉంది.

బీఎస్సీ కావలి:
సరే, నా కోపం ఎక్కడిదో చెబుతాను. మా నాన్న పొగాకు బ్యారన్ దగ్గర కూలికి పనిచేసి నన్ను డిగ్రీ చదివించాడు. ఈఎంటీగా చేరినప్పుడు ఇది ఆరోగ్య రంగంలో మొదటి మెట్టు అనుకున్నాను. కొన్నేళ్లకు ఒక ఆసుపత్రిలో టెక్నీషియన్ ఉద్యోగానికి వెళ్తే నా సర్టిఫికెట్ పక్కన పెట్టేశారు. ఏజెన్సీ శిక్షణను లెక్కలోకి తీసుకోబోమన్నారు. నర్సును కాను, ఫార్మసిస్టును కాను, ల్యాబ్ టెక్నీషియన్‌ను కాను. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అన్న వృత్తిని అందులో చేర్చారు. కానీ ఆ చట్టం అడిగేది గుర్తింపు పొందిన కోర్సు. రేపు ఆ కోర్సు చదివిన పిల్లలు వస్తారు. అప్పుడు మాలాంటివాళ్ల గతి ఏమిటి? నా చేతిలో మిగిలిన ఒకే ఒక్క తేడా ఆ రెండు వేలు. దాన్నీ చెరిపేయమని మీరు అర్జీ రాస్తే నేను చప్పట్లు కొట్టాలా?

అందుకే ఈఎంటీలు విడిగా అడగాలి. మమ్మల్ని పారామెడికల్ కేడర్‌గా గుర్తించమని, అనుభవం ఉన్నవారు గుర్తింపు అందుకునేలా బ్రిడ్జి కోర్సు పెట్టమని. డ్రైవర్లతో కలిసి వెళ్తే మా విన్నపాన్ని రవాణా సమస్య కింద కట్టేస్తారు.

ఉదయగిరి స్టీరింగ్:
అంటే మీరు ఆరోగ్య శాఖలోకి ఎక్కేసి, మమ్మల్ని రోడ్డు మీద వదిలేస్తారు. ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేల గురించి ఇంత రాసేవాణ్ణి కాదు.

నా కోపమూ వినండి. ఏజెన్సీ మారిన ప్రతిసారీ బండి అదే, రంగు మారుతుంది, చొక్కా మారుతుంది, నా సర్వీసు మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. జీతం సర్వీసును బట్టి అన్నప్పుడు పాత ఏజెన్సీ ఇచ్చిన ఉత్తరం చూపించాను. మా రికార్డులో లేదన్నారు. నాకంటే వెనుక వచ్చిన కుర్రవాడూ నేనూ ఒకే మెట్టు మీద నిలబడ్డాం. గ్రాట్యుటీ, అంటే సర్వీసుకు లెక్కగట్టి ఇచ్చే సొమ్ము, అడిగితే పాతవాళ్లను అడగమన్నారు. పాతవాళ్ల ఆఫీసుకు తాళం.

పాత లేబర్ ఆఫీసు:
ఇదీ అసలు పాయింటు. 1972 గ్రాట్యుటీ చట్టం ఒకే యజమాని దగ్గర అయిదేళ్ల నిరంతర సర్వీసు అడిగింది. ఏజెన్సీ అయిదేళ్ల లోపే మారిపోతే లెక్క తెగిపోతుంది. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున రావలసింది పోతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. ప్రతి కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలి. ఈ మాట సింగరాయకొండ తమ్ముడికి కూడా. కాంట్రాక్టు కార్మికుడు అడిగితే చేసిన పని వివరాలతో అనుభవ పత్రం ఇవ్వడం కాంట్రాక్టరు బాధ్యత. ఏజెన్సీ ఉన్నప్పుడే అడిగి తీసుకోండి, వెళ్లిపోయాక కాదు. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే పని చేయించుకున్న అసలు యజమాని చెల్లించాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉంది, కోడ్‌లోనూ ఉంచారు.

పాత సర్వీసును కొత్త ఏజెన్సీ లెక్కించి తీరాలని టెండరు షరతుల్లో రాయించుకోవాలి. ఆ పని ప్రభుత్వం చేయగలిగిందే. రెండు వేల కంటే ముందు అడగాల్సింది అది.

సింగరాయకొండ హైవే:
గుమస్తాగారూ, నియామక పత్రం అడిగితే రేపటి నుంచి రావద్దంటాడు మా ఓనరు. చెట్టు కింద ఇంకో నలుగురు డ్రైవర్లు కాచుకుని ఉన్నారు.

పెన్నాగట్టు:
దీనికి జవాబు ఎవరి దగ్గరైనా ఉందా?

ఒంగోలు రాధ:
సర్వీసు లెక్క, అనుభవ పత్రం, ఈఎస్ఐ పరిమితి. ఈ మూడింటికీ పైలట్, ఈఎంటీ తేడా లేదు కదా. ఒకే అర్జీ రాయడానికి ఏమి అడ్డం?

బీఎస్సీ కావలి:
ఆ మూడే అయితే నాకు అభ్యంతరం లేదు. సమాన జీతం, పైలట్లకు ఈఎంటీ శిక్షణ అన్నవి ఆ కాగితం మీద ఉంటే నేను సంతకం చేయను. మా బ్యాచ్ వాళ్లకూ చెప్పను.

ఉదయగిరి స్టీరింగ్:
సమాన జీతం వెనక్కి తీసుకుంటాను. గుమస్తాగారు చెప్పిన ఆరోగ్య శాఖ డ్రైవరుతో పోలిక రాస్తాను. శిక్షణ మాట తీయను. ఇంటర్ సైన్సు పాసైన పైలట్లు మాలో ఉన్నారు. మీరు అడిగే బ్రిడ్జి కోర్సులో వాళ్లనూ కూర్చోబెట్టమంటాను. పరీక్ష పెట్టండి, తప్పితే మీ మాటే నెగ్గినట్టు.

బీఎస్సీ కావలి:
కోర్సు గుర్తింపు పొందినదై, ప్రవేశ అర్హత చట్టం ప్రకారం ఉంటే ఎవరు కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు. "పదేళ్లు దాటిన పైలట్లకు" అన్న మాట కొట్టేయాలి. ముసాయిదా పెట్టండి, చదివి చెబుతాను.

ఉదయగిరి స్టీరింగ్:
రేపు డ్యూటీ దిగాక పెడతాను. నేల కడగడం కూడా రాస్తాను, ఆసుపత్రుల దగ్గర బండి కడిగే చోటు, కుళాయి చూపించమని.

బీఎస్సీ కావలి:
అది రాయండి. సూదుల డబ్బా మార్చే చోటు కూడా.