అమ్మకి షుగర్ పడిపోతే తొమ్మిదేళ్ల పాప ఏం చెయ్యగలదు?

ప్రశ్న: అక్కకి రెండు పూటలా ఇన్సులిన్. బావది నైట్ డ్యూటీ, ఇంట్లో పాపే తోడు. సూది వెయ్యడం కూడా నేర్పమంటున్నారు పెద్దవాళ్లు. నేర్పొచ్చా?

జవాబు 1: సూది వద్దండి. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి వాడే 40 సిరంజి (ఎర్ర మూత), 100 యూనిట్లుండేదానికి వాడే 100 సిరంజి (నారింజ మూత) తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. పెద్దవాళ్లే పొరబడతారు. పాపకి లక్షణాలు నేర్పండి: చెమటలు, చేతుల వణుకు, పొంతన లేని మాటలు, ఊరికే కసురుకోవడం. మీటర్‌లో 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, పెరక్కపోతే మళ్లీ అంతే. పెరిగాక రెండు ఇడ్లీలో, కాస్త అన్నమో పెట్టాలి. మీటర్ దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకుండా ముందు గ్లూకోజ్ ఇచ్చెయ్యాలి.

జవాబు 2: చాక్లెట్ ఇవ్వకూడదని గట్టిగా చెప్పండి. పిల్లలకి మొదట గుర్తొచ్చేది అదే, కానీ అందులో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. లాక్ పడిన ఫోన్‌లోనూ ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది, ఒకసారి చూపించండి. ఇంటి నంబరు, వీధి, దగ్గర్లో గుడో బడో కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. కంగారులో సొంత అడ్రసూ నోటికి రాదు.

జవాబు 3: పాపని రాత్రంతా మేలుకోమనకండి. పడుకునే ముందు షుగర్ చూసుకోవాల్సింది అక్కే. గ్లూకోజ్ డబ్బా పాపకి అందే చోట పెట్టి, మూత తనచేతే తీయించి చూడండి. కొన్ని మూతలు చిన్న చేతులకి రావు.