ఈ వారం సమస్య: "రోగమయ్యె నూరి రాగమెల్ల"

నిర్వాహకుడు (కడప): ఆటవెలది చివరి పాదం ఇస్తున్నా. రోగ, రాగ అని ప్రాసయతి (యతి చోట రెండో అక్షరం కలవడం) పడింది, చూసుకోండి. 'నోస్టాల్జియా' అనే ఇంగ్లీషు మాట అర్థం గానీ పుట్టుక గానీ పద్యంలోకి రావాలి. ఆ మాటే వాడక్కర్లేదు.

హంద్రి (కర్నూలు):
ఉదయ మైన వేళ నుగ్గాని తలపయ్యె
మిరపబజ్జి లేక మెతుకు దిగదు
బెంగుళూరు వచ్చి బెంగతో పడియుంటి
రోగమయ్యె నూరి రాగమెల్ల

నిర్వాహకుడు: బెంగుళూరు, బెంగ భలే కుదిరాయి. 'దిగదు' దగ్గర మాత్రం పద్యం ఆగిపోతోంది. 'మెతుకు దిగక' అంటే మూడో పాదంలోకి జారుతుంది. అయినా ఉగ్గాని అక్కడ దొరకదా? కన్నడంలో మండక్కి ఒగ్గరణె అని అడిగి చూడు.

హంద్రి: తిన్నా సార్. మా వీధి హోటల్లో పప్పులపొడి సరిగ్గా వెయ్యరు.

పెన్న (కడప):
పాతకాలమందె పలికిరి యవనులు
తిరుగురాక నొప్పి తెలుపు మాట
గల్ఫు వెళ్ళినట్టి మా యన్న కదిగదా
రోగమయ్యె నూరి రాగమెల్ల

నిర్వాహకుడు: రెండు తప్పులు. మూడో పాదంలో గ, మా యతి చెల్లదు. 'కడపబిడ్డల కదే' అను, గ, క మైత్రి కుదురుతుంది. రెండోది పెద్ద తప్పు. యవనులు, అంటే గ్రీకులు, ఇంటికి తిరిగి చేరడాన్ని 'నోస్తోస్' అన్నారు, నొప్పిని 'ఆల్గోస్' అన్నారు. ఆ రెంటినీ అతికించింది వాళ్ళు కాదు. యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్యవిద్యార్థి 1688లో బాసెల్‌లో ఇచ్చిన లాటిన్ సిద్ధాంతవ్యాసంలో జబ్బు పేరుగా కట్టాడు. ఇంటి నొప్పి అనే అర్థంలో 'హైమ్‌వే' అనే జర్మన్ మాట అప్పటికే ఉంది. వైద్యశాస్త్రానికి గంభీరమైన పేరు కావాలి గదా! మన 'దూరవాణి' లాంటిదే ఇది. ముక్కలు రెండూ సంస్కృతమే, కాళిదాసుకు ఫోన్ తెలియదు.

చిత్రావతి (అనంతపురం):
బాసెలందు బెర్ను బాలుని కా బెంగ
మందు లెన్ని యైన మానలేదు
ఇంటి దారి పట్ట నిట్టె కోలుకొనెను
రోగమయ్యె నూరి రాగమెల్ల

నిర్వాహకుడు: శభాష్! హోఫర్ వ్యాసంలోని ఉదంతమే ఇది. ఆ కుర్రాడు చావుబతుకుల్లో ఉండి, ఇంటికి బయల్దేరాక సొంతూరు బెర్న్ చేరకముందే తేరుకున్నాడట. 'ఇల్లు చేర' అనకుండా 'దారి పట్ట' అన్నావు చూడు, అక్కడుంది పద్యం. 'లేదు' తర్వాత 'ఇంటి' విసంధి, సంధి కలవాల్సిన చోట కలపలేదు. 'మానకున్న / నింటి దారి' అని మార్చు. మనవాళ్ళు మనసు బాధను ఆధి అని, ఒంటి బాధను వ్యాధి అని వేరు చేశారు. హోఫర్ ఆధిని తెచ్చి వ్యాధుల పట్టీలో రాశాడు. సమస్యలో 'అయ్యె' అన్నది ఆ పనినే.

హంద్రి: ఇప్పుడెవరూ దాన్ని జబ్బనరు కదా సార్? పాత పాటలు వింటే కలిగే తీపి బాధకు వాడుతున్నాం.

నిర్వాహకుడు: అందుకే భూతకాలంలో ఇచ్చా.

పెన్న: యతి దిద్దాను సార్. పద్యం కువైట్‌కు పంపితే మా అన్న జవాబు: "యతి సంగతి నాకు తెల్దు గానీ, కారం దోసె ఫోటో పెట్టు."