ఆదికాండము 8:21లో "ఎందుకనగా": సంహారానికీ అభయానికీ ఒకటే కారణమా?

నోవహు ఓడ దిగి బలి అర్పించాక యెహోవా అనుకున్న మాట పాత తెలుగు బైబిల్లో ఇలా ఉంది:

"ఇకమీదట నరులనుబట్టి భూమిని మరల శపించను. ఎందుకనగా నరుల హృదయాలోచన వారి బాల్యమునుండి చెడ్డది."

ఈ రెండో వాక్యం మొదటిదానికి కారణం ఎలా అవుతుంది? ఒక్కసారి 6:5 తీసి చూడండి. నరుల తలంపులు "ఎల్లప్పుడు కేవలము" చెడ్డవని చూసే కదా జలప్రళయం రప్పించింది! అక్కడ ఏ కారణంతో చంపాడో, ఇక్కడ అదే కారణంతో ఇక చంపనంటున్నాడు. మధ్యలో మనిషి ఏమీ మారలేదని కథే ఒప్పుకుంటోంది. అలాంటప్పుడు "వాళ్ళు దుర్మార్గులు కాబట్టి అది న్యాయమైన శిక్షే" అనే వాదనను ఈ వచనమే నిలబడనివ్వదని నాకు అనిపిస్తోంది. మీరెలా చదువుతారు?

వ్యాఖ్య: మాస్టారూ, చిక్కంతా ఆ "ఎందుకనగా" దగ్గరే ఉంది. హీబ్రూ మూలంలో ఉన్నది "కీ" అనే చిన్న మాట. దానికి "ఎందుకంటే" అనే అర్థం ఎక్కువగా వాడుకలో ఉన్నా, సందర్భాన్ని బట్టి "అయినప్పటికీ" అని కూడా తీసుకుంటారు. కొన్ని ఇంగ్లిష్ అనువాదాల్లో అలాగే ఉంది. "హృదయం చెడ్డదే అయినా ఇక శపించను" అని చదివితే అది కృప. వైరుధ్యం ఉండదు.

జవాబు: వ్యాకరణం వరకు మీతో ఏకీభవిస్తానండీ. కానీ న్యాయం సంగతి ఇంకా బిగుసుకుంటుంది. మనిషి చెడ్డవాడైనా క్షమించడం సాధ్యమేనంటే, ఆ క్షమ ప్రళయానికి ముందు కూడా సాధ్యమే కదా? పాత అనువాదంలోని "ఎందుకనగా" నాకు ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది. చిన్ననాటి నుంచీ ఉన్న స్వభావాన్ని నీళ్ళలో ముంచి మార్చలేమని అది ఒప్పుకుంటోంది. పైగా "బాల్యమునుండి" అన్న మాట దగ్గర నేను ముందుకు కదలలేను. ఆ నీళ్ళలో పసిపిల్లలూ ఉన్నారు. పశువులు, పక్షులు ఏ పాపం చేశాయి?

వ్యాఖ్య: దేవుడు హెచ్చరించకుండా శిక్షించలేదండీ. 6:3లోని నూట ఇరవై ఏళ్ళు మారడానికి ఇచ్చిన గడువు అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. రెండవ పేతురు 2:5 నోవహును నీతిని ప్రకటించినవాడు అంటుంది. వినకపోవడం వాళ్ళ తప్పు.

జవాబు: పేతురు పత్రిక చాలా తర్వాతి కాలానిది. ఆదికాండములో మాత్రం ప్రళయం ముగిసేదాకా నోవహు నోట ఒక్క మాట కూడా లేదు. చెప్పినట్టు చేశాడు, అంతే. అతని మొదటి మాటలు 9:25లో వస్తాయి, అవీ శాపమే. తప్పు నోవహు కొడుకు హాముది, శాపం హాము కొడుకు కనానుకు! 18వ అధ్యాయంలో అబ్రాహాము ఇలా ఊరుకోలేదు. దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణం కోసం యాభై మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పది మంది దాకా బేరమాడాడు, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని ఎదురు నిలబడి అడిగాడు. యోనా గ్రంథం చివర దేవుడే నీనెవె పట్టణం గురించి, కుడియెడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా జనం గురించి, పశువుల గురించి కూడా విచారపడతాడు. ఇక గడువు మాటకొస్తే, అది ఎంత పొడవైనదైనా చివరి ఏడాది పుట్టిన బిడ్డకు ఏం మిగిలింది? నేను అడుగుతున్నది బైబిలే మరోచోట అడిగిన ప్రశ్న. దీన్ని విశ్వాసం మీద దాడిగా తీసుకోకండి.

వ్యాఖ్య: మెసొపొటేమియా కథలతో పోల్చి చూస్తే బైబిలు ఒక మెట్టు ఎక్కినట్టే కదా? అత్రహాసిస్ కావ్యంలో మనుషుల గోల వల్ల నిద్ర పట్టక ఎన్లిల్ అనే దేవుడు వరద పంపిస్తాడు. ఇక్కడ కనీసం నైతిక కారణం ఉంది.

జవాబు: నిజమే, ఆ తేడా పెద్దదే. అయితే నైతిక కారణం చూపించిన వెంటనే నైతిక ప్రశ్న కూడా వస్తుంది. నిద్ర చెడి చంపిన దేవుణ్ణి న్యాయం గురించి ఎవరూ అడగరు అనుకుంటాం, కానీ ఆ సంప్రదాయంలోనే అడిగారు! జార్జ్ స్మిత్ 1872లో బ్రిటిష్ మ్యూజియంలో చదివి బయటపెట్టిన గిల్గమేష్ అనే మెసొపొటేమియా కావ్యం పదకొండో మట్టి ఫలకంలో, వరద తగ్గాక ఎయా దేవుడు ఎన్లిల్‌ను నిలదీస్తాడు. పాపం చేసినవాడి మీదే పాపం మోపాలి, వరదకు బదులు సింహాన్నో కరువునో పంపి ఉండాల్సింది అంటాడు. అక్కడ దేవతలు అనేకమంది కాబట్టి ఒకరు తప్పు చేస్తే ఇంకొకరు మందలించగలరు. ఆదికాండములో ఉన్నది ఒక్కడే దేవుడు. ఆయన్ని అడగగలిగిన నోవహు అడగలేదు. అందుకే 8:21లోని మాట ఎవరికో చెప్పినట్టు కాక, యెహోవా తన హృదయంలో తానే అనుకున్నట్టు రాశారని నా అభిప్రాయం. ఎయా ఎన్లిల్‌తో అన్నదాన్ని ఇక్కడ ఆయన తనకు తానే చెప్పుకోవాల్సి వచ్చింది.