జుట్టు కత్తిరించుకుంటే సిక్కు కాకుండా పోతారా?

ఓరుగల్లు కుర్రాడు:
మా ఆఫీసులో ఒక పంజాబీ అబ్బాయి ఉన్నాడు. పేరు చివర సింగ్, చేతికి కడా అనే ఇనుప కడియం, ఆదివారం వస్తే గురుద్వారా. కానీ తలపాగా ఉండదు, క్రాఫ్ చేయించుకుంటాడు. నిన్న భోజనాల దగ్గర ఇంకో సర్దార్‌గారు "నువ్వేం సిక్కువి" అని మొహం మీదే అనేశారు. వాడు ఒక్క మాట మాట్లాడకుండా బాక్స్ మూసేసి లేచిపోయాడు, సగం రొట్టె అలాగే ఉంది. నాకు చాలా బాధేసింది. దేవుడొక్కడే, ఒళ్ళొంచి సంపాదించు, పంచుకుని తిను అని చెప్పిన మతంలో జుట్టుకి ఇంత పట్టింపు ఎందుకండీ?

నిజామాబాద్ అక్క:
తమ్ముడూ, నువ్వు మొదటి గురువు నానక్ దగ్గరే ఆగిపోయావు. ఆయన 1469లో పుడితే, పదో గురువు గోవింద్ సింగ్ 1708లో మన పక్కనే నాందేడ్‌లో కన్నుమూశారు. ఈ మధ్యలో ఎంత నెత్తురు పారిందో చూడు. ఐదో గురువు అర్జన్‌ని 1606లో లాహోర్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు, తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ తలని 1675లో ఢిల్లీలో నరికారు. ఆయన కొడుకు గోవింద్ సింగే 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో ఖాల్సా అనే దీక్ష తీసుకున్న సిక్కుల సమూహాన్ని నిలబెట్టింది. తల ఎవరిస్తారని అడిగితే లేచిన ఐదుగురిలో సాహిబ్ సింగ్‌ది బీదర్ అంటారు. కేశాలు, కంఘా అనే దువ్వెన, కడా, కచ్ఛేరా అనే లాగు, కిర్పాణ్ అనే కత్తి ఖాల్సా గుర్తులు. వెయ్యిమందిలో ఉన్నా వీడు సిక్కు అని తెలిసిపోవాలి, భయపడి దాక్కోకూడదు. 1745లో లాహోర్‌లో భాయీ తారూ సింగ్ జుట్టు ఇవ్వనంటే నెత్తి మీది చర్మమే ఒలిచేశారు. అంత విలువిచ్చి కాపాడుకున్నదాన్ని పట్టింపు అని తీసిపారేయకు.

అత్తాపూర్ సర్దార్:
అక్కా, మీరు చెప్పిందంతా నిజమే, తారూ సింగ్‌లా నెత్తి చర్మం ఒలిపించుకున్నవాళ్ళని మా అర్దాస్ ప్రార్థనలో రోజూ తలుచుకుంటాం. అయినా మీతో సగమే ఏకీభవిస్తాను. మా పూర్వీకులు పంజాబ్ మహారాజా రంజిత్ సింగ్ కాలంలో నిజాం కొలువుకి వచ్చిన దళాల్లోవాళ్ళు, ఇంట్లో పంజాబీ, గుమ్మం దాటితే తెలుగు. నేను పుట్టాక నా జుట్టు మీద కత్తెర పడలేదు. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే నాన్న ఐదు మీటర్ల గుడ్డ ఒక కొస పట్టుకుంటే రెండో కొస పట్టుకుని నేను గుమ్మంలో నిలబడేవాణ్ణి, ఇద్దరం బిగించి లాగి మడతలు పెట్టేవాళ్ళం, దాన్ని పూణీ అంటాం. తర్వాత ఆయన కొస పళ్ళతో పట్టుకుని చుట్టుకునేవాడు, చివర్లో సన్నటి సలాయితో జారిన వెంట్రుకల్ని లోపలికి దోపుకునేవాడు. అది నాకు ప్రాణం.

కానీ సిక్కు అంటే శిష్యుడు, నేర్చుకునేవాడు. అమృతం పుచ్చుకుని, అంటే దీక్ష తీసుకుని, ఖాల్సాలో చేరినవాడు జుట్టు తీయిస్తే అది కురహిత్, పెద్ద తప్పే, దానికి కూడా పంజ్ పియారేలు అనే ఐదుగురు దీక్షాపరుల ముందు ఒప్పుకుని మళ్ళీ చేరే దారి ఉంది. అసలు అమృతమే తీసుకోనివాడిని ఆ తూకంలో ఎలా తూస్తాం? 1430 పుటల మా పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ముందు మేం మోకరిల్లుతాం. అందులో కబీర్ ఉన్నాడు, రవిదాస్ ఉన్నాడు, ముస్లిం అయిన షేక్ ఫరీద్ ఉన్నాడు. వాళ్ళలో ఎవరు అమృతం తీసుకున్నారు? 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి జుట్టు తీసేసుకున్నవాళ్ళున్నారు, వాళ్ళనీ కాదందామా? నా నోరు రాదు.

టొరంటో తెలుగోడు:
సర్దార్‌గారూ, గీత అంటూ లేకపోతే ఎలాగండి? ఇక్కడ మా వీధిలోనే చూస్తున్నా, తాత తలపాగా, కొడుకు గడ్డం మాత్రం, మనవడికి అదీ లేదు. 2009లో పంజాబ్ హర్యానా హైకోర్టు కూడా కేశాలు సిక్కు మతంలో విడదీయరాని భాగం అనే చెప్పింది. 2016లో పార్లమెంటు చట్టం మార్చి గురుద్వారాలని నడిపే ఎస్జీపీసీ ఎన్నికల్లో జుట్టు కత్తిరించుకునే సహజ్‌ధారీలకి ఓటు తీసేసింది. నిలబెట్టుకున్నవాళ్ళ చేతిలోనే గురుద్వారాలు ఉండాలనడం తప్పా?

అత్తాపూర్ సర్దార్:
ఓటు సంగతి వేరు, పేరు సంగతి వేరు. నిర్వహణ ఎవరి చేతిలో ఉండాలో వాదించుకోండి, నేనూ కేశాలున్నవాళ్ళ వైపే ఉంటాను. 2009 తీర్పు కూడా మెడికల్ సీటు కోటా గురించి వచ్చింది. మీ వీధిలో మనవడి గురించి నాకూ దిగులే. కానీ "నువ్వు సిక్కువి కాదు" అంటే వాడు జుట్టు పెంచడు, గురుద్వారాకి రావడమే మానేస్తాడు. మా పిన్ని కొడుకు అలాగే మానేశాడు, పదకొండేళ్ళయింది.

నిజామాబాద్ అక్క:
ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను తమ్ముడూ. గుర్తుల విషయంలో నా మాట నాదే, కానీ అన్నం దగ్గర ఆ అబ్బాయిని అలా అనడం మాత్రం తప్పే.

ఓరుగల్లు కుర్రాడు:
ఈ ఆదివారం నన్నూ తీసుకెళ్ళమని వాణ్ణి అడిగాను, సరేనన్నాడు. సర్దార్‌గారూ, తలకి కర్చీఫ్ సరిపోతుందా?

అత్తాపూర్ సర్దార్:
సరిపోతుంది. చెప్పులు బయట వదిలి, కాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళు. లంగర్‌లో (అందరూ కలిసి కూర్చుని తినే ఉచిత భోజనంలో) రొట్టె రెండు చేతులు చాపి అందుకో.